లాంచీ రోజు

అచావో రేవుకి లాంచీ వచ్చిందంటే
మా క్లినిక్ బెంచీలన్నీ తడుస్తాయి.
గొడుగులు, ఉన్ని శాలువలు, డాక్టరు కోసం సంచిలో బంగాళాదుంపలు.
అందరికంటే వెనగ్గా, ఎవర్నీ తోసుకోకుండా
ఒటీలియా చిగ్వాయ్.

నూట డెబ్భై నాలుగు.
మార్చిలో నూట డెబ్భై, మేలో నూట డెబ్భై ఎనిమిది.
ప్రతిసారీ నేనొక మాత్ర పెంచాను.
ప్రతిసారీ ఆమె తలూపింది.
అంత తేలిగ్గా తలూపేవాళ్ళని
ఇంకో ప్రశ్న అడగాలని
ఆరేళ్ళ సర్వీసులో నాకు తెలిసి ఉండాల్సింది.

జూలైలో ఒక బీపీ మిషను చేతికిచ్చి పంపాను.
పొద్దున రెండుసార్లు, రాత్రి రెండుసార్లు,
కొలిచే ముందు అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలన్నాను.
"ఊరికేనా?" అని నవ్వింది.
ఆ పని ఆమెకి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదట.

దీవిలో బడి వెనక జింకు వర్షమాపకం
ముప్పై ఒక్క ఏళ్ళు ఆమె చేతిలోనే ఉండేదని
నాకు అప్పటికి తెలియదు.

ఆగస్టులో తెచ్చిన నోటుపుస్తకంలో
గీతలు స్కేలుతో కొట్టి ఉన్నాయి.
అంకె పక్కన గాలి రాసింది.
ఉత్తరపు గాలి, 136.
రాత్రంతా వాన, 129.
ఆవు ఈనింది, 151. దూడ లేచి నిలబడింది, 127.
తమ్ముడు పొలం కాగితాలతో వచ్చాడు, 163.
వెళ్ళాడు, 130.
తల తిరిగింది, గోడ పట్టుకున్నాను, 98.

సగటు నూట ముప్పై రెండు.
కాలిక్యులేటర్ని రెండోసారి కూడా అడిగాను.
ఆ తొంభై ఎనిమిది దగ్గర నా వేలు ఆగిపోయింది.
ఆ గోడ దగ్గరికి ఆమెని పంపింది
నా సంతకమే.

చివరి గడిలో మాత్రలకి టిక్కులు.
ఒక్కరోజూ తప్పలేదు,
రెండు తేదీల్లో తప్ప.
పింఛను తీసుకున్న మంగళవారం. ఈ రోజు.

"ఇవెందుకు ఖాళీ?"
ఆమె కిటికీ వైపు తిరిగింది.
"లాంచీ రెండు గంటలు, డాక్టరమ్మా.
అందులో దొడ్డి లేదు. చుట్టూ మగవాళ్ళు.
మీ మాత్ర వేసుకుంటే గడియకోసారి లేవాలి.
ఏది నీళ్ళ మాత్రో తెలీక అన్నీ మానేస్తాను.
లాంచీ ఎక్కే రోజు ఒక్కటే."

లాంచీ ఎక్కే రోజు ఒక్కటే.
నేను ఆమెని చూసేదీ
ఆ రోజు ఒక్కటే.

మందు లేని ఆ ఒక్క పొద్దుని కొలిచి,
రెండు గంటలు బిగబట్టుకున్న ఒంటిని కొలిచి,
రేవు మెట్లెక్కిన ఆయాసాన్ని కూడా కలిపి కొలిచి
నెలంతటికీ మందు రాశాను.

ఏమీ అనలేదు. ఏమనాలో తెలియలేదు.
సొరుగులోంచి స్టాఫు బాత్రూం తాళంచెవి తీసి
ఆమె చేతిలో పెట్టాను.
తిరిగొచ్చినప్పుడు మొహం పదేళ్ళు తేలికయింది.

రెండు మాత్రలు కొట్టేశాను.
నీళ్ళ మాత్ర డబ్బా మీద పెద్ద చుక్క గీసి
లాంచీ రోజు ఇల్లు చేరాకే వేసుకోమన్నాను.
పట్టీ చుట్టబోతుంటే చెయ్యి వెనక్కి తీసుకుంది.
"అయిదు నిమిషాలు కాలేదు."

బయట పద్నాలుగు మంది దగ్గుతున్నారు.
ఇద్దరం ఊరికే కూర్చున్నాం.
ఏదో ఒకటి మాట్లాడాలని
రాత్రి వాన ఎంత పడిందని అడిగాను.

"పద్దెనిమిది మిల్లీమీటర్లు.
ఉద్యోగం పోయినా చూస్తూనే ఉంటాను.
వంగి, నీళ్ళ ఎత్తుకి కన్ను దించి చదవాలి.
నిలబడి పైనుంచి చూస్తే
ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది."

ఎవరో తలుపు తట్టారు.
లేవబోయాను.
"ఇంకా రెండు నిమిషాలుంది," అంది
గోడ గడియారం చూస్తూ.