పొన్నేరిలో దిగేవాళ్ళు

ఎన్నూరు దాటేదాకా ఆడవాళ్ళ పెట్టెలో
ఒంటికాలి మీద నిలబడే ఉంది ఆ పిల్ల.
సీటు దొరకగానే నా పక్కన కూలబడి
చెప్పులు వదిలేసి
నా ఫోను మాటల్లో తెలుగు పట్టేసిందేమో,
"అక్కా, పొన్నేరి ఎలాంటి ఊరు?" అంది.

పేరు హెప్సిబా. స్టాన్లీ ఆసుపత్రిలో నర్సు.
తండయార్‌పేటలో నలుగురికి ఒక గది.
"కిటికీ తెరిస్తే పక్కింటి గోడే అక్కా,
వాళ్ళ సున్నం నా గోళ్ళకి అంటుకుంటుంది."
ఎవరో చెప్పారట, ఇటువైపు అద్దెలు తక్కువని.
చూసొద్దామని డ్యూటీ దిగి అట్నుంచటే ఎక్కింది.

నీళ్ళు ఉప్పన, అన్నాను.
అబద్ధం కాదు.
వీధి చివర చేతిపంపులో
కొబ్బరినీళ్ళలాంటి నీళ్ళొస్తాయని చెప్పలేదు, అంతే.
దోమలన్నాను. కరెంటు చెప్పకుండా పోతుందన్నాను.
పోయిన రాత్రి వీధి వీధంతా అరుగుల మీదికి చేరి
ఎవరింట్లో ఏం కూరో తేలిపోయే సంగతి
నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.

ఎందుకు దాచానంటే ఏం చెప్పను.
ఆరణి ఏటికి అవతల పొలాల్లో
ఈమధ్య రంగు జెండాలు పాతారు.
నిరుడు కొంగలు నిలబడ్డ చోట
ఒక బోర్డు నిలబడింది:
స్టేషనుకి అయిదే నిమిషాలు.
ఎవరికి? బహుశా కొంగలకి.

ఈ బండిలో గాలి మూడుసార్లు మారుతుంది.
ఎన్నూరు దగ్గర బూడిద,
వాగు మీద ఉప్పు,
నందియంబాక్కం దాటాక తడిసిన వరిగడ్డి.
ఆ మూడో వాసనకి
రోజంతా ప్యారిస్‌లో కాగితం రీములు లెక్కపెట్టిన నా భుజాలు
వాటంతటవే కిందికి దిగుతాయి.
దీన్ని ఇంకెంతమందితో పంచుకోమంటారు?

తొమ్మిదేళ్ళ కిందట నేనూ ఇలాగే వచ్చాను.
బ్రోకరు సెల్వమణి అన్నిటినీ నిమిషాల్లో చెప్పాడు,
బడి ఎనిమిది, బజారు నాలుగు, ఆసుపత్రి పదకొండు.
ఇంటావిడ ఆండాళమ్మ అవేమీ వినిపించుకోలేదు.
ఆమె తెలుగులో టమాటా తక్కాళి, నిన్న నేత్తు.
కానీ పదిలం అనే మాట
ఇప్పుడు ఆమె నోటే వింటాను నేను.
నన్ను ఎగాదిగా చూసి ఒకటే అడిగింది,
"రాత్రి ఎన్ని గంటలకి వస్తావు కన్నూ?"
నా నడుం బిగుసుకుంది.
ఈ ప్రశ్న తర్వాత తలుపులు వేసుకున్న ఇళ్ళు
అప్పటికి మూడు చూసి ఉన్నాను.
"పదిన్నర," అన్నాను పొగరుగా.
"అయితే వాకిట్లో బల్బు అప్పటిదాకా ఆర్పను," అంది.
అద్దె సంగతి ఆ తర్వాత.

మీంజూరులో మల్లెపూల గంప దిగింది,
దాంతో సగం పెట్టె ఖాళీ అయినట్టనిపించింది.
హెప్సిబా అంతసేపూ నా మాటలే నెమరేస్తోంది కాబోలు,
"ఉప్పునీళ్ళే కదక్కా,
మా నాన్న ఉప్పుమడుల్లోనే పనిచేశాడు.
దోమలు మా హాస్టల్లో పుట్టి మీ ఊరొచ్చుంటాయి.
ఒక్కటి చెప్పు,
రెండో షిఫ్టు దిగి ఆఖరి బండికొస్తే
స్టేషన్నించి ఇంటిదాకా భయమేస్తుందా?"

అన్నిటికీ జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను.
దీనికి లేదు.
అనుప్పంపట్టు వచ్చి వెళ్ళిపోయింది.
"మా మేడ మీద గది ఖాళీగా ఉంది," అన్నాను,
అడిగినదానికి అది జవాబు కాకపోయినా.

దిగాం.
పట్టాలు దాటకుండా మెట్లెక్కమన్నాను,
ఊరివాళ్ళు కొత్తవాళ్ళకి చెప్పే మొదటి మాట అదే.
దారిలో టైలరు దేవసగాయం సూది నోట్లో పెట్టుకునే
కనుబొమలతో అడిగాడు, ఎవరని.
నా కనుబొమలు చెప్పాయి, చూద్దామని.

ఇంకా వెలుతురుంది, వాకిట్లో బల్బు వెయ్యలేదు.
ఆండాళమ్మ చేటలో చింతపండు గింజలు తీస్తూ
తలెత్తి ఆ పిల్లని ఎగాదిగా చూసింది.
"రాత్రి ఎన్ని గంటలకి వస్తావు కన్నూ?"

హెప్సిబా నడుం బిగుసుకోవడం చూశాను.
నా వైపు తిరిగింది.
నేను చెప్పుల పట్టీ విప్పుతున్నట్టు వంగి
నవ్వు దాచుకున్నాను.
ఈ ఊరి గురించి పొద్దుటినించీ
దాచినవాటిలో
మంచి మనసుతో దాచింది ఇదొక్కటే.