దువ్వుతూ ఉన్నప్పుడు

చరికోట్‌లో అద్దె గది. పైన రేకులు.
కింద వాటాలో మనిసరా థామి గారు,
గుంద్రుక్ ఎండబెట్టిన గోనె మడిచాక నాకు నేపాలీ చెబుతారు.
గంటకింతని కాదు,
కిలో చక్కెరకి ఇన్ని పాఠాలని.

మొదటి వాక్యం పైనుంచే వచ్చింది.
పానీ పరిరహేకో ఛ.
వాన పడుతోంది.
మాటని విడగొట్టి చూశాను,
పనసకాయ కోసినవాడిలా చేతులకి జిగురు పూసుకుని.
నీళ్ళు. పడి. మిగిలి. ఉన్నాయి.
'రహే' అంటే ఉండిపోవడమట.
వీళ్ళు తినడం లేదు, తిని ఉండిపోతున్నారు.
నడవడం లేదు, నడిచి ఉండిపోతున్నారు.
మనకైతే ఒక 'తూ' చాలు, చిన్న దారప్పోగు,
ఏ పనికైనా చుట్టి 'ఉన్నాను' అని ముడేస్తాం.
తొందరలో ఆ ముడినీ మింగేసి
'తింటన్నా' అంటాం, నోట్లో ముద్దతోనే.

మర్నాడు బజారులో ఆలుగడ్డల కొట్టు ముందు
మ ఖోజిరహేకీ ఛు, అన్నాను. వెతుకుతున్నానని.
కొట్టువాడు పక్క కొట్టువాణ్ణి పిలిచి
నా చేత మళ్ళీ అనిపించాడు.
'కీ' ఆడవాళ్ళదట. మగవాడికి 'కో'.
ఆవిడ నోటినుంచి నేర్చుకున్న పాపానికి
వారం రోజులు ఊరంతా ఆడదాన్నై తిరిగాను.
మా 'నేను'కి చీరా లేదు, పంచే లేదు,
ఈ సంగతి ఎవరికి చెప్పుకోను?

బస్సుకి వేరే రూపం ఉంది. ఆఉఁదైఛ.
వస్తోంది, అన్నాడు టికెట్ల కుర్రాడు ఆరింటికి.
పదకొండింటికీ అదే అన్నాడు.
అబద్ధం కాదు,
విరిగిపడ్డ కొండచరియకి అవతల అది వస్తూనే ఉంది.

భూతకాలం దగ్గర ఆవిడ పుస్తకం మూసేశారు.
ఇది చదివి చెప్పేది కాదు, ఈ ఊళ్ళో ఎవరికైనా వచ్చు, అని
గుమ్మంలోంచే వీధికి కేకేశారు:
భుఇఁచాలో వచ్చినప్పుడు ఏం చేస్తూ ఉన్నారు?
ఎదురింటి ముసలాయనకి చెవుడు.
ఈ ఒక్క ప్రశ్న మాత్రం వినబడింది.
'ఏ భూకంపం? శనివారందా, మంగళవారందా?'
శనివారం గోధుమ కోస్తూ ఉన్నాడు.
మంగళవారం, ఆ గోధుమని రాళ్ళ కిందనుంచి తీస్తూ ఉన్నాడు.
దర్జీ ఒక చొక్కాకి కాజా కుడుతూ ఉన్నాడు.
చొక్కా ఎవరిదో చెప్పలేదు.
అన్ని వాక్యాలూ 'థిఏఁ' దగ్గర ఆగాయి.
తర్వాతేమైందని వ్యాకరణం అడగదు,
నేనూ అడగలేదు.

'మరి మీరు?'
ఛోరీకో కపాల్ కోరిరహేకీ థిఏఁ.
కూతురి తల దువ్వుతూ ఉన్నాను, శనివారం.
సగం జడ చేతిలోనే ఉండిపోయింది.
మంగళవారం టార్పాలిన్ కింద కూర్చోబెట్టి
పదిహేడు రోజుల చిక్కు తీస్తూ ఉన్నాను.
ఆవిడ ఆగారు.
నేను తల దించుకుని కలానికి మూత పెట్టాను,
అంతా అర్థమైనవాడిలా.

అప్పుడే వచ్చింది ఆ కూతురు,
రెండు టీ గ్లాసులతో, చెవుల పైకి కత్తిరించిన జుట్టుతో,
'మళ్ళీ నా తల మీద పడ్డావా' అని తల్లిని కసురుతూ.
ఆనాటి నుంచీ దువ్వెన తాకనివ్వలేదట.
మూడోసారి కొండ కదిలితే
ఊరికి జవాబెవరు చెబుతారంటుందట.
తల్లి నవ్వలేదు. కూతురూ నవ్వలేదు.
నేనొక్కణ్ణే నవ్వి, మధ్యలో ఆపుకున్నాను.

'ఇక నువ్వు' అన్నారు మనిసరా గారు.
'ఆ శనివారం. పూర్తి వాక్యం.'
'కో' వచ్చు నాకు. 'థిఏఁ' వచ్చు.
క్రియ రాలేదు.
ఎక్కడో ఏదో చేస్తూనే ఉండి ఉంటాను,
చొక్కా ఇస్త్రీ చేస్తూనో, ఫోనులో ఎవరినో విసుక్కుంటూనో.
గుర్తు లేదు.
గుర్తుంచుకోవాల్సిన పని పడలేదు.

ఆవిడ నా నోటుబుక్కు లాక్కుని
క్రియ ఉండాల్సిన చోట ఒక గీత గీసి వదిలారు.
టీ చల్లారిపోతోంది, తాగు, అన్నారు.