గడ్డ

మార్చి నుంచీ కైలాసగిరి మెట్ల మీద
వీపు సంచుల్లో పదేసి కిలోల రాళ్ళుప్పుతో
ఎక్కాం, దిగాం, మళ్ళీ ఎక్కాం.
కింద సముద్రం
మా ఊపిరికన్నా నెమ్మదిగా.

ఎల్లాజీది ఫిషింగ్ హార్బరు ఐసు ఫ్యాక్టరీ.
ఇరవై రెండేళ్ళుగా కొక్కెంతో గడ్డల్ని ఈడ్చిన చేతులు.

పద్నాలుగు వేల అడుగుల మీద
సరస్సు కనబడగానే అందరూ ఫోటోలకి ఎగబడితే
అతను ఒడ్డున గొంతుక్కూచుని
నీళ్ళలోకి జారిన మంచు అంచుని
వేలిముడితో తట్టాడు, పుచ్చకాయ బేరమాడినట్టు.

"ఇది మనం సేసే సరుకు కాదు బావూ.
లోపల బుడగలు సూడు,
ఏ కాలం నాటి గాలో!"
కాసేపాగి,
"దీనికి కరెంటు బిల్లు ఎవులు కడతన్నారో?"

రాత్రి గుడారం అవతల
పెళ్ళుమని ఏదో విరిగింది.
కొండంతా ఒకసారి గొంతు సవరించుకున్నట్టు.
నేను లేచి కూచున్నాను.
అతను అటు తిరిగి పడుకునే
"గడ్డ అచ్చు ఒదిలింది" అన్నాడు,
కానీ చాలాసేపు నిద్రపోలేదు.

ఇప్పుడు తెల్లారగట్ల నాలుగింటికి
మరలోకి తోసేముందు
ప్రతి గడ్డనీ ఒకసారి తడతాడట,
చెవి దగ్గర పెట్టి.
వెనక బోటువాళ్ళు కేకలేస్తారు.
చందువ ఆగదు కదా.