గ్లూకోజు సీసాలో అనాస

గుణుపురం ఆసుపత్రిలో పారేసే గ్లూకోజు సీసాలు
మే నెల మొదటి వారం
గోనెసంచిలో మా ఇంటికొచ్చేవి.
కంపౌండరు దండాసి, అంటే మా నాన్న,
బూడిదేసి మూడుసార్లు తోమించేవాడు నాచేత.
నాలుగోసారి తనే తోమేవాడు,
నా మీద నమ్మకం లేక.

సీసా ఒంటినిండా గీతలు,
వంద, రెండొందలు, మూడొందలు.
ఎవరి నరంలోకి ఎంత దిగిందో కొలిచిన గీతలు.
ఇకమీదట వాటి పక్కన
పంచదార పాకం నిలబడాలి.

అనాసలు సోంబారి తెచ్చేది.
సోమవారం పుట్టిందట, అందుకా పేరు.
మా వీధి నోట్లో పడి సోంబేరి అయిపోయింది,
తెల్లారకముందే సవరకొండ దిగి
నెత్తిన పాతిక పళ్ళ గంపతో
వంశధార ఇసక దాటొచ్చే మనిషి.
నవ్వి ఊరుకునేది.
ఆమెకి తెలుగంతా తెలుసని
చాలా ఏళ్ళకి గానీ నాకు తెలీలేదు.

అమ్మకి ఈ పని గిట్టదు.
అమ్మది జాడీల పక్షం.
"కాయన్నాక ఊరాల.
ఉప్పు తినాల, కారం తినాల,
మూడోనాటికి కాసింత నీరు కార్చుకోవాల.
ఏడాదైనా మారకుండా ఉండడం ఏటి గొప్ప?
రాయి ఉండదా?"
నాన్న కళ్ళజోడు తుడుచుకుంటూ
"ఉప్పేస్తే ఉప్పే తగుల్తాది కూర్మావతీ,
నాకు అనాస కావాల" అనేవాడు.

సీసా మూతి ఇరుకు.
ముక్క చిటికెనవేలంత సన్నంగా కొయ్యాలి.
పండు కన్నులన్నీ ఏటవాలుగా తీసేసరికి
నా వేళ్ళు మండేవి, నాలిక పొక్కేది
(దొంగతనంగా తిన్నందుకు).
డేగిసా అడుగున అమ్మ పాత లంగా గుడ్డ,
సీసా సీసా తగిలి చిట్లకుండా.
మెడదాకా నీళ్ళు. ఇరవై నిమిషాలు.
అంతసేపూ నాన్న
జ్వరం చూస్తున్నవాడిలా నిలబడేవాడు.
రబ్బరు బిరడాలకి పాత సూది చిల్లులు,
ఒక్కో చిల్లు మీద ఒక్కో మైనం చుక్క.

ఆ ఏడు పదకొండు సీసాలు.
మూడో రాత్రి ఒకటి పేలింది.
దొంగలని అమ్మ లేచింది, కర్ర పట్టుకుని.
లాంతరు వెలుగులో గోడంతా పసుపు,
మంచం కోళ్ళ దగ్గర గాజుముక్కలు,
పులిసిన తీపి వాసన.
అమ్మ ఒక్క మాటా అనలేదు.
అదే నాన్నని ఎక్కువ బాధపెట్టింది.
పొద్దున్నే లెక్కల పుస్తకంలో
ఆసుపత్రి అలవాటుకొద్దీ ఒరియాలో రాసుకున్నాడు:
ఎనిమిదో నెంబరు. లోపల గాలి. రాత్రి రెండింటికి.

మాఘమాసం. మంచుకి చిన్నరైలు కూడా
దారి తడుముకుంటూ వచ్చిన రోజు.
సోంబారి కందులు అమ్మడానికొచ్చింది.
అరుగు మీద కూచోబెట్టి
నాన్న ఒక సీసా విప్పాడు.
ఫోర్సెప్సుతో ముక్క తీసి
ఆమె అరచేతిలో పెట్టాడు, మందుబిళ్ళ పెట్టినట్టే.

"మా కొండదేనా?"

చాలాసేపు నమిలింది.
మే నెలలో తను మోసిన బరువు
ఇప్పుడెంత తేలికో చూసుకుంటున్నట్టు.
"చావలేదు. నిద్దరోయింది" అని,
ఇంకేదో తన భాషలో అని నవ్వింది.
ఆ రెండోమాట ఏమిటో నాన్న అడగలేదు,
నాకిప్పటికీ అడగాలనే ఉంది.

పోతూ పోతూ సీసా అడిగింది.
పండు కాదు, సీసా.
కిరసనాయిలు పోసుకోవడానికి.
నాన్న ఒక్క క్షణం ఆగాడు.
తర్వాత మిగిలిన ముక్కలు గిన్నెలోకి వంపి,
కడిగి, బిరడాతో సహా ఇచ్చాడు.
ఇంట్లోంచి అమ్మ
అడ్డాకులో మావిడికాయ పచ్చడి పొట్లం కట్టి తెచ్చింది,
ఓడిపోనని చెప్పడానికో, ఊరికేనో.

ఆ సాయంత్రం వంటింట్లో ఎవరూ లేరనుకుని
అమ్మ గిన్నెలో వేలు ముంచి నాకింది.
కళ్ళు మూసుకుంది.
మళ్ళీ ముంచింది.
గుమ్మంలో నన్ను చూసి
చెంగుతో మూతి తుడుచుకుంటూ
"ఉప్పు తక్కువైంది" అంది.