కింది కన్ను

నెల్లూరు డిపోలో టిక్కెట్ల లెక్క చూస్తాను.
పొదిలి నాకొక అంకె, కనిగిరి ఒక అంకె,
మార్కాపురం వెడల్పాటి కాగితంలో చివరి గడి.
పద్దెనిమిదేళ్లుగా అందర్నీ పంపిస్తూ
నేను వేదాయపాళెం దాటలేదు.

ట్రంకు రోడ్డులో మూతపడబోతున్న స్టూడియో.
దస్తగిరి గారు గుడ్డ పరిచి రెండు కెమెరాలు పెట్టాడు.
రెంటికీ రెండేసి కళ్లు, ఒకదాని మీద ఒకటి.
ఒకటి పెళ్లికొడుకు బూటులా నిగనిగలాడుతోంది.
రెండోదానికి మూలల్లో తోలు లేచి
జిగురు మరకలు.
నా చెయ్యి నిగనిగల మీదికే పోయింది.

"ఆగు మే" అన్నాడు.
వెనక తలుపు తీసి టార్చిలైటు పట్టాడు.
మెరిసేదాని కింది కంట్లో బూజు,
తెల్లారుజామున పెన్న మీది మంచంత పల్చగా.
"పై కన్ను నీది. మసకైనా సర్దుకుంటావు.
కింది కన్ను ఫిలిముది. దానికి సర్దుకోడం రాదు."

తోలు లేచినదాన్ని ఒక సెకను మీద పెట్టి
మీట నొక్కమన్నాడు.
జర్రుమని పళ్లచక్రాలు, చివర టిక్కు.
"ముసలిదే గానీ ఒకటి లెక్కపెట్టడం మర్చిపోలా. తీసుకో."
సగం డబ్బు అప్పుడు, సగం ఒకటో తారీకున.

నోట్లు లెక్కపెట్టుకుంటూ ఇంకేదో అన్నాడు:
"దూరంగా ఉన్నంతసేపూ రెండు కళ్లూ ఒకటే చూస్తాయి.
దగ్గరికి పోయేకొద్దీ విడిపోతాయి."
నేను రసీదు అడిగే తొందరలో సరిగా వినలేదు.

రీలుకి పన్నెండు బొమ్మలు.
పన్నెండే.
సెల్‌ఫోను అలవాటైన వాళ్లకిది పస్తు.
నాకు కాదు, టిక్కెట్టు చింపితే చింపినట్టే.

పొదిలి బస్టాండులో మూత ఎత్తి
పొట్టకి ఆనించుకుని తల వంచాను.
అద్దంలో ఎడమంతా కుడైపోయింది.
మార్కాపురం బోర్డున్న బస్సు ఒంగోలు వైపు కదిలింది.
చట్రం అంచున జారిపోతున్న మేకని పట్టుకుందామని
కుడికి జరిగితే మేక పూర్తిగా పోయింది.
"ఏం పారేసుకున్నావమ్మా?" అంటూ
బజ్జీల బండతను నాతోపాటు నేలంతా వెతికాడు.

మార్కాపురం పలకల కొట్టంలో గాలెమ్మ
ఉలి ఆనించి మెల్లగా తట్టింది.
రాయి పుస్తకంలా విచ్చుకుంది.
దగ్గరికి పోయాను. ఇంకా దగ్గరికి.
నుదుటి మీద నల్లదుమ్ము, కళ్లు, నవ్వు,
అద్దంలో అన్నీ కుదిరాయి.
ఊపిరి బిగబట్టి నొక్కాను.

దస్తగిరి ఎర్రబల్బు కింద బొమ్మ తేలింది.
ముక్కుపుడక దగ్గర మొదలైంది.
కళ్లు లేవు.
నేను చూడని చేతులు మాత్రం
పిలవకుండానే వచ్చి కింద కూర్చున్నాయి,
వేళ్ల మధ్య రాయి సగం విడిపోయి.
ఆయన చెప్పాను కదా అనలేదు.
టీ ఊదుకుంటూ గోడ వైపు తిరిగాడు.

మళ్లీ పాసు, మళ్లీ బస్సు.
గాలెమ్మ బొమ్మని వెలుతుర్లో పట్టుకు చూసింది.
"నా చేతులే. ఈ బొటనేలి గోరు ఊరంతా ఎరుగుద్ది.
ఈసారి కళ్లు కూడా పెట్టు తల్లా,
చూడకుండా పని చేస్తన్నానని మేస్త్రీ కూలి కోస్తాడు."

కొట్టంలో చీకటి. సెకను కావాలి.
కెమెరాని పలకల దొంతి మీద పెట్టాను.
బొమ్మ కుదిరాక
కింది కన్నుని పై కన్ను ఉన్న ఎత్తుకి లేపాలి.
లెక్క చెప్తే గాలెమ్మే తెచ్చింది,
దాని కింద ఎనిమిది పలకలు పేర్చింది.
తొమ్మిదోది పగిలింది, పక్కన పడేసింది.

ఇప్పుడు అద్దంలో ఆమె జుట్టు, వెనక వాసం,
వాసానికి వేలాడే టిఫిను డబ్బా.
చేతులు నాకు కనబడవు.
"కదలమాక" అన్నాను.
"నువ్వూ కదలమాక" అంది.

మీట నొక్కాను.
జర్రు మొదలైంది,
ముసలిదానితోపాటు నేనూ లెక్కపెట్టాను,
ఒకటి