టికెట్ కిటికీ వెనుక

ఇవాళ కూడా పడవ లేదు.
పికో కొండ నెత్తిన మబ్బు గొడుగు పట్టిందంటే
మా మదలేనా రేవులో అందరికీ తెలుసు,
ఎదుటి ఫాయల్ దీవి
కనిపిస్తుంది గాని అందదు.

కిటికీ మూసి
సొరుగులో స్టాంపుల కింద దాచిన
కొక్కెం సూది తీశాను.
కర్ర పిడి మీద నా బొటనవేలు కూర్చునే గుంట,
ఇరవై ఏళ్ల నునుపు.

దారం వేసి, దూర్చి, లాగి,
వేళ్లు ముందు నడుస్తుంటే
నేను వెనకాల.

"ఎవరికమ్మా, దెయోలిందా?"
తాళ్లు చుట్టే గ్వాల్తేర్ తడి బూట్లతో లోపలికొచ్చాడు.
"మనవడికా? చర్చి బల్లకా?"
ఎవరికీ కాదు.
నిన్న ఇదే ఊలు టోపీ. మొన్న చేపల సంచి.
ఇవాళేమిటో ఇంకా చెప్పలేదు నాకు.

ఇందులో ఓ సుఖముంది గ్వాల్తేర్,
ఎంత అల్లినా
ప్రాణంతో ఉండేది ఒక్క ముడే.
అది జారిస్తే చాలు,
మధ్యాహ్నమంతా సర్రున ఒళ్లో వచ్చిపడుతుంది.
జీతంలో కోత లేదు.
ఊలు మాత్రం కాస్త వంకీలు తిరిగి
పడుకుని లేచిన జుట్టులా ఉంటుంది, అంతే.

అతను నమ్మలేదు.
కొస అందించాను.
మోకులు లాగి మొరటెక్కిన చేతులు
మొదట భయంభయంగా,
తర్వాత పిల్లాడిలా తలుపు దాకా నడుస్తూ...
గదంతా ఒకటే నీలం గీత.

రేపు గాలి తగ్గుతుందంటోంది రేడియో.
తగ్గనీ, తొందరేముంది.
పదకొండు, పన్నెండు,
ఉండవయ్యా, మాట్లాడకు,
పదమూడు.