ఆరున్నర డిగ్రీల వాలు

బుడమేరు మా సింగ్‌నగర్ వీధిలోకొచ్చిన ఏడు
గోడెక్కి బతికిపోయిన టీవీ ఇది.
రెండుసార్లు సున్నం కొట్టినా
నీటిగీత ఇంకా ఉంది గోడకి,
నా మొల ఎత్తున, టీ రంగులో.
ఆ టీవీని దింపి
వెల్లకిలా పడుకోబెట్టాను.

"ఏం, జబ్బు చేసిందా దానికి?" అంది నాంచారి.

మస్తాన్‌వలిది మంచాలు చేసే చెయ్యి.
పెట్టెకి ముందెత్తు వేరు, వెనకెత్తు వేరంటే
నమ్మడు.
మట్టం పెట్టి చూస్తాడు, నన్ను తిడతాడు,
మళ్ళీ మట్టం పెడతాడు.
"వంకరగా చెయ్యమని డబ్బులిచ్చినోడివి
నువ్వొక్కడివే అన్నా."
ఆరున్నర డిగ్రీలు, అన్నాను.
తెరలో దొర్లేదాని వాలు తెరలోనే ఉంది,
దాని కోసం ప్లైవుడ్డు వంగక్కర్లేదు.
వాలు కావలసింది నా నడుముకి.

ఆటోనగర్లో ఇరవై రెండేళ్ళుగా
లారీల సెల్ఫు మోటార్లు విప్పుతున్నాను.
మూగబోయిన బండి గొంతులో
"టక్" అని ఒక్క మాట పలికిస్తే
ఆ పూటకి అన్నం.
ఆ టక్కులే ఆరు ఇంటికి తెచ్చాను,
పాత సొలినాయిడ్లు, గ్రీజు తుడిచి,
పెట్టె లోపక్కలకి బిగించాను.
ఏలూరు దాకా ఇటుకల లారీని లేపిన ఇనుము
ఇప్పుడు రెక్క లేచినప్పుడల్లా
చెక్కలోంచి నా అరచేతిని తడుతుంది.

అంతా అయిందనుకున్నాక, తేడా.
వేలు నొక్కుతుంది.
రెక్క లేస్తుంది.
మధ్యలో సందు.
రెప్పపాటులో సగం కూడా ఉండదు,
అయినా మర తప్పిన నట్టు వేలికి తెలిసినట్టే
తెలిసిపోతోంది.
అయిదు రాత్రులు ఆ సందులోనే పడుకున్నాను.
ఆరో రాత్రి దొరికింది గుట్టు:
ఈ టీవీకి సోకెక్కువ.
వచ్చిన ప్రతి బొమ్మనీ గుమ్మంలో ఆపి
పౌడరు రాసి గాని పంపదు.
ఆ సోకు కట్టేశాను.
బొమ్మ కాస్త గరుకుదేలింది.
వేలూ రెక్కా కలిశాయి.
తెల్లవారుజామున మూడింటికి
ఒక్కణ్ణే నవ్వుకున్నాను, పెట్టెని కౌగిలించుకుని.

కింది వాటా జోయెల్‌కి తొమ్మిదేళ్ళు.
వస్తూనే గాజుకి ముక్కు ఆనించి
"బాల్ ఏది మామా?"
అదిగో, తిరుగుతోందిగా.
"అది కాదు. అసలుది."
పెట్టె కింద దూరాడు.
వైర్లు చూశాడు, ఫ్యాను చూశాడు,
నడుంతో మరీ గట్టిగా తోస్తే ఆట అలిగేట్టు
నేను వేలాడదీసిన తాపీమేస్త్రీ తూకంగుండు చూశాడు.
దుమ్ముకొట్టుకుని బయటికొచ్చాడు,
మోసపోయినవాడి మొహంతో.

ఆ తర్వాత జేబులో చెయ్యి పెట్టి
(మా షాపు ముందు ఎప్పుడు ఏరాడో)
లారీ బేరింగు గోళీ ఒకటి తీసి
గాజు మీద, పై అంచున వదిలాడు.

దొర్లింది.
కింద వెలిగే బంపర్ల మీదుగా,
అరిచే గంటల మీదుగా,
దేనికీ తగలకుండా
ఒక్క పాయింటూ అడక్కుండా
తిన్నగా వచ్చి నా పొట్టకి కొట్టుకుంది.
గాజు మీద సన్నటి గీత పడింది.
అదీ పోదు, తుడిచి చూశాను.

రాత్రి నాంచారి ఆడుతోంది.
పిండి అంటిన వేళ్ళు, రెండు బటన్ల మీదా.
నాలుగు లక్షలు దాటింది, నా లెక్క ఎప్పుడో మింగేసింది,
ఇంకా "ఇదేం ఆట" అంటూనే ఉంది.
గోళీ పైకి ఎగిరి
దిగొచ్చే లోపు
కరెంటు పోయింది.

ఎక్కడికి పోయిందది?
కిందికి పడలేదు. పైనా లేదు.
చీకట్లో ఆమె వేళ్ళు ఇంకా
టకటక నొక్కుతున్నాయి, అలవాటుగా.

తడుముకుని, జోయెల్ గోళీ వెతికి
పై అంచున పెట్టి వదిలాను.
సన్నగా, చినుకు రేకు మీద జారినట్టు, ఒక చప్పుడు
నా దగ్గర్నుంచి ఆమె దగ్గరికి నడిచింది.
ఆగింది.

"పట్టాను" అంది చీకట్లోంచి నాంచారి.
"దీనికెన్ని పాయింట్లు?"